లోపలే ఉండండి

ఆరో నిలువూరు, గొంతు గది దినచర్య

సోమవారం

ఎండమూత సైరన్ ఇవాళ నిన్నటికంటే ముందే వేయాల్సొచ్చింది. బయటున్నవాళ్లు లోపలికి రావాలనీ, కిటికీ రెక్కలు దించుకోవాలనీ, సాయంత్రం నేను చెప్పేదాకా బాల్కనీల్లోకి పోవద్దనీ రోజూ చెప్పే మాటలే చెప్పాను. పెరట్లో గిన్నెలు తోముతున్న ఇద్దరాడవాళ్లు నా కిటికీ వైపు చెయ్యూపి లోపలికి పరిగెత్తారు. కాసేపటికి పెరడంతా తెల్లగా, చూడలేనట్టు అయిపోయింది.

కింది అంతస్తులో ఈ గదిలో కూచుని మైకులో మాట్లాడేది నేనే. అందుకే జనం నన్ను గొంతమ్మ అంటారు. నీళ్లెప్పుడొస్తాయో, వంటశాలలో ఏం వండారో, ఎవరింట్లో బిడ్డ పుట్టిందో అన్నీ నా నోటి నుంచే వినాలి. నా పేరు సలోమి అని పైవాళ్లలో సగం మందికి తెలీదు. మా ఆయన దైవాదీనం రాత్రిళ్లు వంటశాలలో పనిచేసి, పగలంతా ముప్పై నాలుగో అంతస్తులో మా ఇంట్లో పడుకుంటాడు. నా మాటలు చెవిన పడుతుంటే నిద్ర బాగా పడుతుందంటాడు. పొగిడాడో, వెక్కిరించాడో నాకింతవరకూ తేలలేదు.

ఇందుమతి గారు వచ్చారు. ఈ నిలువూరికి, అంటే ఒక్క మేడలో నిలువుగా ఉన్న ఈ ఊరంతటికీ, అధ్యక్షురాలు. "సలోమీ, ఈ వేసవిలో ఇప్పటిదాకా వడదెబ్బకి ఒక్క ప్రాణం పోలేదు. ఆ మాట చెప్పు" అన్నారు. చెప్పాను. మెట్ల మీదుగా చప్పట్లు కిందిదాకా వినిపించాయి.

చలువ పలకలు రాకముందు ఇక్కడ వేసవులు ఎలా ఉండేవో నేనూ చూశాను. శవాల్ని దించడానికి లిఫ్టు ఖాళీ ఉండేది కాదు. ఇందుమతి గారి భర్త అలాంటి ఒక వేసవిలోనే పోయారు. ఆ తర్వాత ఆవిడ కోస్తా పాలక మండలి చుట్టూ తిరిగి, వాళ్లతో పోట్లాడి, ఈ పలకలు తెచ్చి గోడలన్నిటికీ బయటివైపు వేయించారు. పలకంటే రెండు పల్చటి రేకులు, మధ్యలో మైనం. పగలు ఎండని మైనం పీల్చుకుని కరుగుతుంది. రాత్రి గాలికి మళ్లీ గడ్డకడుతుంది. నిప్పు అంటుకోకుండా అందులో మందు పొడి కలిపారని చెప్పారు. లోపలి గోడ చల్లగా ఉంటుంది. పిల్లలు గోడకి చెంపలు ఆనించి ఎవరు ఎక్కువసేపు ఉంటారో పందేలు వేసుకుంటారు.

బుధవారం

దస్తగిరి తాత వచ్చాడు. ముప్పై ఒకటో అంతస్తులో ఉంటాడు, దర్జీ. గుడ్డలో చుట్టిన కొవ్వొత్తులు నా బల్ల మీద పెట్టాడు. "మీ ఆదివారం ప్రార్థనకి అమ్మాయ్. వద్దనకు."

"ఎక్కడివి తాతా ఇన్ని?"

"మా బాల్కనీ మూలన పలక పై అతుకులోంచి కారుతోంది. ఊరికే పోతుందెందుకని గిన్నె పెట్టా. చుట్టుపక్కల ఇళ్లవాళ్లూ పట్టి తెచ్చిస్తున్నారు. దారం నా దగ్గర ఉండనే ఉంది."

ఒక్కొక్కటీ నున్నగా, తెల్లగా ఉంది. కరెంటు పోయినప్పుడు కావాల్సినవాళ్లు తాతని అడగండని మైకులో చెప్పాను. ఆయన మురిసిపోయాడు.

శుక్రవారం

నిలువూళ్ల అగ్నిమాపక అధికారి జరీనా గారు తనిఖీకి వచ్చారు. పంపులు, గొట్టాలు చూసుకుని నా గదికొచ్చి కూచున్నారు. అంతలో కరెంటు పోయింది. కిటికీ రెక్క దించే ఉంది కాబట్టి గదంతా చీకటి. నేను తాత ఇచ్చిన కొవ్వొత్తి ఒకటి వెలిగించి, టీ కలపడానికి లేచాను.

"చక్కగా వెలుగుతోందే. ఎక్కడ కొన్నారు?"

కొనలేదండీ అని తాత సంగతి నవ్వుతూ చెప్పాను. చెప్పి ఇటు తిరిగేసరికి ఆవిడ మొహంలో నవ్వు లేదు. రెండు వేళ్లతో వత్తి నలిపి ఆర్పేశారు. చీకట్లో ఆవిడ గొంతు మాత్రం వినిపించింది.

"మందు కలిపిన మైనం వెలగకూడదు సలోమి గారూ. వత్తి పెట్టినా సరే, వెలగకూడదు."

టీ తాగకుండానే వెళ్లిపోయారు. ఆదివారం పొద్దున్నే పెరడు ఖాళీగా ఉంచమన్నారు.

ఆదివారం

ప్రార్థనకి వెళ్లలేదు. సైరన్‌కి ముందే, కాస్త చల్లగా ఉండగా, జరీనా గారు ఎవరూ లేని ఉత్తరం వైపు నుంచి కొన్ని పలకలు విప్పించారు. ఇందుమతి గారు టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. నన్నూ రమ్మన్నారు, ఏం చెప్పాలన్నా చివరికి చెప్పాల్సింది నేనే గనక.

ముందు ఒక పలకని నిలువునా కోశారు. మైనం పైనంతా మసక గాజులా ఉంది. అడుగున మాత్రం సున్నం పేరుకున్నట్టు తెల్లటి పొడి.

"ఇదే ఆ మందు" అన్నారు జరీనా గారు. "రోజూ కరగడం, గడ్డకట్టడం. బరువైన పొడి కొంచెం కొంచెంగా అడుక్కి దిగిపోయింది. ఫ్యాక్టరీలో పరీక్ష చేసింది కొత్త పలకని. అదీ ఒక్క ముక్కని, చిన్న మంట మీద. అందులో నెగ్గింది. అబద్ధం చెప్పలేదు వాళ్లు."

తర్వాత మిగతా పలకల్ని ఇనప చట్రానికి ఒకదానిమీద ఒకటి బిగించారు. వెనక రేకు గోడ నిలబెట్టి, మన గోడకీ పలకకీ మధ్య ఎంత సందుందో అంతే ఉంచారు. కింద ఒక డబ్బాలో గుడ్డపీలిక వెలిగించి పెట్టారు.

కాసేపు ఏమీ కాలేదు. ఇందుమతి గారు నాకేసి చూసి చిన్నగా నవ్వారు కూడా. ఆ తర్వాత మంట సందులోకి వంగింది. ఎవరో లోపలికి లాగినట్టు వంగింది. మాకు కనిపించకుండా పోయింది. లోపల హోరుమని చప్పుడు. పై పలక అంచు మీదుగా మంట ఒక్కసారిగా బయటికొచ్చింది. మండుతున్న మైనం చుక్కలు చుక్కలుగా కింద పడి ఇసుకలో ఇంకా మండుతూనే ఉంది. రేకులు వంకర్లు పోయి ఒకదాని తర్వాత ఒకటి ఊడిపడ్డాయి.

"ఆ సందు పొగగొట్టంలా లాగుతుంది" అన్నారు జరీనా గారు. "అంతస్తుకీ అంతస్తుకీ మధ్య అడ్డం లేదు. కింద అంటుకుంటే పైకప్పు దాకా ఆపేదేం లేదు."

ఇందుమతి గారి చేతిలో టీ అలాగే ఉంది. గ్లాసు కింద పెట్టి అడిగారు. "తీసేస్తే?"

"తీసేయాలి."

"ఇప్పుడా? ఈ ఎండల్లోనా? పసిపిల్లలున్నారు, మంచాన పడ్డవాళ్లున్నారు జరీనా. పలకలు తీసిన వారానికే లిఫ్టులో మళ్లీ శవాలు దించుతాం. నిప్పు రావచ్చు, రాకపోవచ్చు. ఎండ రేపు తప్పకుండా వస్తుంది."

చివరికి ఇద్దరూ వానలు పడగానే పలకలు తీసేయాలనీ, అందాకా ప్రతి అంతస్తు దగ్గరా సందులో మండని రాతి దూది కుక్కించాలనీ తేల్చుకున్నారు. ఆ దూది ఓడలో రావాలి.

"ఇంకొకటి, టేపు" అన్నారు జరీనా గారు.

మంట గంట మోగితే దానంతటదే మొదలయ్యే టేపు ఒకటుంది. నా గొంతే. ఉద్యోగంలో చేరిన కొత్తలో చదివించారు. 'తలుపులు వేసుకుని లోపలే ఉండండి. ఒక ఇంటి మంట ఇంకో ఇంటికి పాకదు. ఎవరేం చెప్పినా మెట్ల మీదికి రావద్దు.' ఉట్టి కాంక్రీటు గోడలున్న రోజుల్లో అది మంచి సలహానేనట. ఇప్పుడు దాన్ని మార్చాలంటారు జరీనా గారు.

ఇందుమతి గారు ఒప్పుకోలేదు. "ఉన్నది ఒక్క మెట్ల దారి. ఇంతమంది ఒక్కసారి దిగితే తొక్కుకుని చస్తారు. దిగినవాళ్లు ఆ ఎండలో ఎక్కడ నిలబడతారు? మండలి ఒప్పుకుని కొత్త టేపు పంపనీ, అప్పుడు మారుద్దాం. అప్పటిదాకా ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండాలి. సలోమీ, ముఖ్యంగా నీకే చెప్తున్నా."

సరేనన్నాను. ఇంటికెళ్లాక దైవాదీనం "ఏంటే, అలా ఉన్నావు?" అని అడిగాడు. ఎండకి తల నొప్పిగా ఉందన్నాను. గోడ వైపు మంచం ఇవతలికి జరిపాను. ఎందుకన్నాడు. ఊరికే అన్నాను.

మంగళవారం

పోయిన వారం ఇందుమతి గారి దగ్గరికి వెళ్లి ఒక మాట అడిగాను. తెల్లవారుజామున అంతస్తుల్లో నీళ్లొదలడం ఆపేద్దాం, లిఫ్టులూ ఆపేద్దాం, కింద పెరట్లోనే నీళ్లిద్దాం అని. ఎందుకని ఆవిడ అడగలేదు. 

"అందరికీ మెట్లు అలవాటవుతాయి" అన్నారు నెమ్మదిగా. "సరే. పైపు పాడైందని చెప్పు. కుడి చేతి గోడ పట్టుకుని దిగాలి, ఎడమ వైపు నుంచి ఎక్కాలి అని కూడా చెప్పు."

బాల్కనీల్లో పొయ్యిలు పెట్టకూడదనీ చెప్పాను. అది ఎవరూ పట్టించుకోలేదు. నీళ్ల సంగతికి మాత్రం నన్ను తిట్టనివాళ్లు లేరు. బిందెలతో దిగేవాళ్లు నా కిటికీ ముందు ఆగి మరీ తిట్టారు. దస్తగిరి తాత ఒక రోజు దిగి, మెట్ల మీద కూలబడి, "ఈ వయసులో నాకు ఈ శిక్షేంటమ్మాయ్, నీకేం అపకారం చేశాను?" అన్నాడు. ఆ తర్వాత దిగలేదు. దైవాదీనమే ఆయన బిందె మోస్తున్నాడు. కొవ్వొత్తులు చేయడం ఆపమన్నాను తాతని. దానికీ నొచ్చుకున్నాడు.

శనివారం

మధ్యాహ్నాలు నడవాల్లో మైనం వాసన తెలుస్తోంది. తియ్యగా ఉంటుంది. మా ప్రార్థన గదిలా ఉందే అని ఎవరో అన్నారు.

జరీనా గారు ఫోన్ చేశారు. రాతి దూది ఓడ ఇంకా రాలేదు. టేపు సంగతి మండలిలో పరిశీలనలో ఉందట. ఆవిడ మిగతా నిలువూళ్లు చూసొచ్చారు. "అన్ని చోట్లా అవే పలకలు సలోమి గారూ. అన్ని చోట్లా పొడి అడుక్కే దిగింది."

"ఏదైనా అయితే నేనేం చెప్పాలండీ?"

 "మీ గదిలో కెమెరా తెరలున్నాయి, మంట ఎక్కడుందో మీకు కనిపిస్తుంది. టేపుకి కనిపించదు" అన్నారు.

శుక్రవారం

నిన్నటి సంగతి ఇవాళ రాస్తున్నాను. ఆరో నిలువూరిలో కాదు. నాలుగో నిలువూరి హాల్లో నేల మీద కూచుని రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం, ఎండ బాగా ముదిరిన వేళ, తొమ్మిదో అంతస్తు పడమటి బాల్కనీలో ఎవరో ఎండలో వేసుకునే చలువ చొక్కా బ్యాటరీని ఛార్జింగు పెట్టి మర్చిపోయారు. అది పేలింది. గంట మోగింది. వెంటనే నా గొంతు మొదలైంది. తలుపులు వేసుకుని లోపలే ఉండండి.

ఇందుమతి గారు ఆ వేళకి నా గదిలోనే ఉన్నారు. ఇద్దరం తెరల మీద చూస్తున్నాం. బాల్కనీ మూల చిన్న మంట. "పంపు అందుకుంటుంది, ఆగు" అన్నారు. మంట పలక వెనక్కి వంగి మాయమైంది. పెరట్లో చూసిందే మళ్లీ చూస్తున్నాను. పదో అంతస్తు తెర ఎర్రబడింది. తర్వాత పదకొండు. ఒక్కో తెరా ఎర్రబడి, నల్లబడి, ఆరిపోతోంది.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఆపడానికనుకున్నాను. వెంటనే వదిలేశారు. నేను టేపు మీట కిందికి నొక్కి మైకు అందుకున్నాను.

"నేను సలోమిని. గొంతమ్మని. ఇప్పటిదాకా మీరు విన్నది టేపు. అది వినొద్దు. లేవండి, బయటికి రండి. నీళ్లకి దిగినట్టే దిగండి, కుడి చేతి గోడ పట్టుకోండి. సామాన్లొద్దు. పిల్లల్ని ఎత్తుకోండి. పక్కింటి తలుపు కొట్టి రండి. పడమటి వైపు కిటికీలు తెరవొద్దు."

ఆగకుండా అవే మాటలు చెప్తూ పోయాను. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. నీళ్లకి దిగే జనంలాగే వరసగా వచ్చారు. కొందరి చేతుల్లో అలవాటు కొద్దీ బిందెలు కూడా ఉన్నాయి. పక్కనున్న ఐదో నిలువూరి వాళ్లు తలుపులు తీసి, తడి దుప్పట్లు పట్టుకుని ఎండలోకి ఎదురొచ్చారు. పైనుంచి మండే చుక్కలు పెరట్లో రాలుతున్నాయి.

అంతలో దైవాదీనం ఫోన్.

"ఏమే, కింద ఏదో గోలగా ఉంది. నువ్వేమో లోపలే ఉండమంటున్నావు."

"నేనెప్పుడన్నాను? రమ్మని మొత్తుకుంటున్నా కదా!"

"ఇదిగో, విను" అని ఫోన్ నడవాలోకి చాపాడు. నా గొంతే. నింపాదిగా, స్పష్టంగా. ఒక ఇంటి మంట ఇంకో ఇంటికి పాకదు.

పై అంతస్తుల స్పీకర్లకి వేరే పెట్టె ఉంది, ఇరవయ్యో అంతస్తు మెట్ల పక్కన. ఇక్కడి మీట దానికి అందలేదు. అక్కడ టేపు తనంతట తాను తిరుగుతూనే ఉంది.

"దిగు!" అని అరిచాను. "తలుపులన్నీ కొట్టి దిగు. నేను చెప్పేదే నిజం."

ఇందుమతి గారు అంతా విన్నారు. నడుముకున్న తాళాల గుత్తి తీసి చూసుకున్నారు. నా కుర్చీ మీది తువ్వాలు బకెట్లో ముంచి తల మీద వేసుకున్నారు.

"మేడం, మీరు వద్దు. ఎవరినైనా పంపండి."

"తాళం ఎక్కడ తిప్పాలో ఇంకెవరికీ తెలీదు. నువ్వు మాట్లాడుతూ ఉండు సలోమీ. ఆగకు."

దిగే జనం మధ్య ఎడమ వైపు నుంచి ఎక్కుతూ వెళ్లడం తలుపులోంచి చూశాను. జనం ఆవిడకి దారిచ్చారు.

ఫోన్ పక్కన పెట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాను. అందులోంచి దైవాదీనం తలుపులు బాదడం, దగ్గడం వినిపిస్తోంది. ఎవరో కసురుకుంటున్నారు. వీటన్నిటి వెనక నా గొంతు, ఉండండి, ఉండండి అంటూ. నేను రండి అంటున్నాను. అది ఉండండి అంటోంది. ఎంతసేపో నాకు తెలీదు. ఉన్నట్టుండి ఫోన్లో ఆ గొంతు ఆగిపోయింది. మరుక్షణం నేనిక్కడ అన్న మాటే ఫోన్లోంచి నాకు వినిపించింది. పిల్లల్ని ఎత్తుకోండి.

అప్పటి నుంచి పైవాళ్లు కూడా కదిలారు. నా గదిలోకి పొగ వచ్చాక నన్ను ఎవరో ఈడ్చుకొచ్చారు.

దైవాదీనం దిగాడు. చంకలో ఒక పిల్ల, వీపు మీద ఇంకో పిల్లాడు. మొహం నల్లగా మాడి, కనుబొమలు లేవు. కూచోబెట్టి నీళ్లు పోస్తే చెప్పాడు. దస్తగిరి తాత తలుపు చాలాసేపు కొట్టాడట. "లోపలే ఉండమని గొంతమ్మ చెప్తోంది కదరా, నువ్వెవడివి చెప్పడానికి?" అని లోపల్నుంచే అన్నాడట తాత. గడియ తీయలేదు. అలా తీయని తలుపులు ఇంకా ఉన్నాయి.

ఇందుమతి గారు ఆ పెట్టె దగ్గరే దొరికారు. నేను చూడలేదు. జరీనా గారు చూశారు.

ఆదివారం

ఈ హాలు చల్లగా ఉంది. పక్కన పడుకున్న పిల్ల నిద్రలో దొర్లి గోడకి అంటుకుంటే నేనూ, వాళ్లమ్మా ఒకేసారి చెయ్యి చాపి ఇవతలికి లాగాం. ఇక్కడి గోడలకీ అవే పలకలు.

జరీనా గారు వచ్చారు. మండలి కొత్త టేపుకి ఒప్పుకుందట. అన్ని నిలువూళ్లకీ నా గొంతే కావాలన్నారట. మెట్ల మీద నా మాట విని బతికినవాళ్లు అడిగారట.

"చదవను" అన్నాను.

ఆవిడ బలవంతం చేయలేదు. "అయితే ఇక్కడివాళ్లకి మీ నోటితో చెప్పండి. వాళ్లు తేల్చుకోవాల్సిందొకటుంది" అన్నారు.

సాయంత్రం ఎండ దిగాక నాలుగో నిలువూరి జనం పెరట్లో చేరారు. మైకు ఇస్తే వద్దన్నాను. మైనం సంగతి, పొడి సంగతి, పెరట్లో చూసిన మంట సంగతి చెప్పాను. మూసి ఉండిపోయిన తలుపుల సంగతి చెప్పాను. టేపులో నా మాట నమ్మే తాత గడియ తీయలేదని చెప్పాను. 

ముందు వరసలో ఒక బాలింత లేచింది. బిడ్డ ఇంకా కళ్లు సరిగ్గా తెరవడం లేదు.

"పలకలు తీసేస్తే ఈ ఎండకి నా బిడ్డ బతుకుతుందా అమ్మా?"

అందరూ నాకేసి చూశారు. ఇన్నేళ్లుగా జనం ఏదడిగినా ఏదో ఒకటి చెప్పడం నా పని.

"తెలీదమ్మా" అన్నాను. "ఉంచితే ఏమవుతుందో చూశాను. తీస్తే ఏమవుతుందో నాకు తెలీదు."

ఆ అమ్మాయి కూచోలేదు. బిడ్డని పక్కావిడ చేతిలో పెట్టి, చున్నీ నడుముకి బిగించి, గోడ దగ్గరికి వెళ్లి జరీనా గారి మనిషిని స్క్రూడ్రైవర్ అడిగింది.

సోమవారం

ఇక్కడ సైరన్ వేసే పని నాది కాదు. వాళ్ల గొంతు వేరే, నడివయసు మనిషి. 

బాలింతల్నీ, ముసలివాళ్లనీ నేలమాళిగలోకి దించారు. నీటి తొట్లు ఖాళీ చేసి అక్కడ చాపలు వేశారు. అందరికీ చోటు చాలలేదు. సైరన్ మోగేదాకా స్క్రూలు తిప్పుతూనే ఉన్నారు. పడమటి గోడ కిందివైపు పలకలు ఊడి కాంక్రీటు బయటపడింది. దైవాదీనం కట్టు కట్టిన చేతులతోనే వాళ్లకి నిచ్చెన పట్టుకున్నాడు.

మేమున్న హాలు ఆ వైపే. మధ్యాహ్నం కాకముందే గోడ వేడెక్కింది. చెయ్యి ఆనించి చూశాను, ఎక్కువసేపు పెట్టలేకపోయాను. జనం ఒకరినొకరు చూసుకుంటూ, చొక్కాలు తడుపుకుంటూ కూచున్నారు. మూల నుంచి ఒక పెద్దాయన నీళ్లడిగాడు. తర్వాత ఇంకొకాయన అడిగాడు.

ఎవరూ పని ఆపమనలేదు. సాయంత్రం ఎండ దిగీ దిగకముందే స్క్రూల చప్పుడు మళ్లీ మొదలైంది.